12ఏ రోటరీలో పవర్ పడిపోయింది: టైమింగ్ తిప్పితే సరిపోతుందా?

పాతఆర్‌ఎక్స్

అందరికీ నమస్తే. బండి 1983 మాజ్దా ఆర్‌ఎక్స్-7. ఇంజిన్ 12ఏ, అంటే పిస్టన్లకు బదులు మూడు మూలల రోటర్లు రెండు తిరిగే రోటరీ. గాలి, పెట్రోలు కలిపే కార్బురేటర్ ఫ్యాక్టరీ నిక్కీ కంపెనీదే. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లు (క్యాట్‌లు) కూడా అసలువే, ఏదీ తీసేయలేదు.

మెల్లగా నడిపితే ఏ తేడా తెలియదు. గట్టిగా తొక్కితే మాత్రం 4000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాకా ఈడ్చుకుంటూ వెళ్లి, ఆ పైన ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఆగిపోతోంది. 7000 దగ్గర మోగే బజర్ విని చాలా కాలమైంది. ఇంకో సంగతి, ఎగ్జాస్ట్ వేడి బాగా పెరిగింది. కాసేపు నడిపితే పక్క సీటు కింద ఫ్లోర్ కాలుతోంది.

ఇదంతా ట్యూనప్ తర్వాతే మొదలైంది. పిస్టన్ ఇంజిన్ల పని బాగా చేస్తారని పేరున్న గ్యారేజీలో ప్లగ్గులకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్, రోటర్ ఆర్మ్, నాలుగు ప్లగ్గులు, వైర్లు అన్నీ కొత్తవి వేసి, టైమింగ్ (స్పార్క్ ఏ క్షణంలో రావాలన్నది) కూడా టైమింగ్ లైట్ పెట్టి సెట్ చేశామన్నారు. ఐడిల్ 800 దగ్గర చక్కగా నిలబడుతోంది, స్టార్టింగ్‌కీ ఇబ్బంది లేదు. ఆయిల్ ఎప్పటిలాగే కొంచెం తాగుతుంది.

డిస్ట్రిబ్యూటర్ నట్ వదులు చేసి కాస్త అడ్వాన్స్ చేస్తే, అంటే స్పార్క్ ముందుకు జరిపితే సరిపోతుందా? పుల్లీ మీద పసుపు గీత, ఎరుపు గీత కనిపిస్తున్నాయి. ఏది దేనికో తెలియక ఇంకా చెయ్యి పెట్టలేదు.

హైరెవ్

లైట్ కూడా అక్కర్లేదు బ్రో. ఇంజిన్ వేడెక్కాక నట్ వదులు చేసి, ఐడిల్ పెరిగే వైపు తిప్పుతూ పో. ఇక పెరగడం ఆగిందనుకున్న చోట వెంట్రుకవాసి వెనక్కి తీసి బిగించు. నా చేతిలో పడ్డ బండ్లన్నీ చెవితోనే సెట్ చేశాను, ఒక్కటీ తిరిగి రాలేదు.

త్రికోణం

@పాతఆర్‌ఎక్స్ గారూ, దయచేసి ఆ పని చెయ్యకండి. @హైరెవ్ చెప్పింది పిస్టన్ ఇంజిన్లకు కొంతవరకు నడుస్తుంది. అక్కడ అడ్వాన్స్ ఎక్కువైతే నాకింగ్ టకటకా వినిపిస్తుంది, వెంటనే తగ్గించుకుంటాం. రోటరీలో ఆ శబ్దం మన చెవికి సరిగ్గా అందదు. వినిపించేసరికి రోటర్ మూలల్లో గాలి లీకవకుండా ఆపే ఎపెక్స్ సీల్ ముక్కయి ఉంటుంది. ఆ ముక్క ఎగ్జాస్ట్ పోర్టులోంచి బయటికి పోతూ పోతూ హౌసింగ్‌ను గీరేస్తుంది, ఇక ఇంజిన్ విప్పడం తప్ప దారి ఉండదు.

రెండోది, ఐడిల్ పెరగడం సరైన టైమింగ్‌కు గుర్తు కాదు. ఈ ఇంజిన్‌లో ఫ్యాక్టరీ సెట్టింగ్ దాటి అడ్వాన్స్ చేసినా ఐడిల్ ఇంకా పెరుగుతూనే ఉంటుంది. చెవిని నమ్ముకుంటే గీత దాటి ఎంత ముందుకు పోయారో కూడా తెలియదు.

మూడోది అసలు విషయం. ఇక్కడ టైమింగ్ ఒకటి కాదు, రెండు. ఒక్కో రోటర్‌కు రెండు ప్లగ్గులు. కిందది లీడింగ్, పైది ట్రెయిలింగ్. కంబస్చన్ చాంబర్ పొడుగ్గా, పల్చగా ఉండి రోటర్‌తో పాటు జరుగుతూ పోతుంది కాబట్టి ఒక్క ప్లగ్గుతో మంట చివరిదాకా అందదు. ముందు లీడింగ్ మండిస్తుంది, పవర్‌లో పెద్ద వాటా దానిదే. తర్వాత ట్రెయిలింగ్ మిగిలినదాన్ని అంటిస్తుంది. మీ ఏడాది 12ఏకి ఐడిల్‌లో లీడింగ్ సరిగ్గా టీడీసీ (మిశ్రమం పూర్తిగా నొక్కుకుపోయే చోటు) దగ్గర, అంటే 0 డిగ్రీలు. ట్రెయిలింగ్ టీడీసీ దాటాక 20 డిగ్రీలకు. పసుపు గీత లీడింగ్‌ది, ఎరుపు గీత ట్రెయిలింగ్‌ది. రెంటి మధ్య తేడాను స్ప్లిట్ అంటాం.

బాడీ తిప్పితే రెండూ కలిసి జరుగుతాయి. ఎప్పుడైనా ట్రెయిలింగ్ లీడింగ్ కంటే ముందు మండితే ఇంజిన్ ఎక్కువ కాలం బతకదు.

అందుకే టైమింగ్ తిప్పేముందు కొలవాలి. దానికంటే ముందు గాలి, పెట్రోలు, కంప్రెషన్, ఎగ్జాస్ట్ బాగున్నాయో లేదో చూసుకోవాలి.

గ్రీజుచేతులు

+1. రోటరీలో పవర్ పోయిందంటే నేను ముందు కంప్రెషనే చూస్తాను. అది లేకపోతే మిగతా తిప్పలన్నీ దండగ.

టెస్టర్ లేకపోయినా పర్వాలేదు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఇగ్నిషన్ కనెక్షన్, ఫ్యూయల్ పంప్ కనెక్షన్ తీసేయండి. ముందు రోటర్ లీడింగ్ ప్లగ్ ఒక్కటే విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపెట్టి స్టార్టర్ తిప్పించండి. ప్లగ్ కంతలోంచి ఫట్ ఫట్ ఫట్ అని గాలి కొడుతుంది. రోటర్‌కు మూడు ముఖాలు కాబట్టి మూడు దెబ్బలకొక చుట్టు. మూడూ ఒకే బలంతో రావాలి. రెండు గట్టిగా వచ్చి ఒకటి ఫుస్సుమంటే ఆ ముఖం వైపు సీలు పోయినట్టే. వరసగా రెండు ఫుస్సుమన్నాయంటే ఆ రెండు ముఖాల మధ్య ఉన్న ఎపెక్స్ సీల్ మీద అనుమానపడాలి. తర్వాత వెనక రోటర్‌కీ ఇదే పని.

అంకెలు కావాలంటే రోటరీ టెస్టరే వాడాలి. 250 ఆర్‌పీఎం దగ్గర చదరపు సెంటీమీటరుకు 6 కేజీలకు తగ్గకూడదు, ముఖాల మధ్య తేడా 1.5 కేజీ మించకూడదు. మామూలు టెస్టర్‌లో గాలిని పట్టి ఉంచే చిన్న వాల్వ్ ఉంటుంది. అది ఉండగా మూడింటిలో ఎక్కువదాన్ని మాత్రమే చూపిస్తుంది, పోయిన ముఖం దాక్కుంటుంది. ఆ వాల్వ్ తీసేస్తే ముల్లు మూడుసార్లు ఎగరడం చూడొచ్చు. అప్పుడు అంకెను నమ్మొద్దు, మూడూ సమానంగా ఎగురుతున్నాయా లేదా అన్నదే చూసుకోండి.

నిక్కీపిచ్చి

4000 దగ్గర ఆగిపోతోంది అనగానే నా వేలు కార్బురేటర్ సెకండరీల (గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే తెరుచుకునే రెండో జత గొంతులు) మీదికే పోతుంది. అవి తెరుచుకోకపోతే సరిగ్గా ఇలాగే ఉంటుంది, కింద బాగుండి పైన ఊపిరాడదు. సెకండరీలను వ్యాక్యూమ్ డయాఫ్రమ్ (పీల్పుతో కదిలే పల్చని పొర) తెరుస్తుంది. డయాఫ్రమ్ చిరిగినా, దాని గొట్టం పగిలినా, లింకేజీ మురికిపట్టి బిగుసుకున్నా తెరుచుకోవు. ఇంజిన్ ఆపి, చోక్ పూర్తిగా వెనక్కి పోయిందో లేదో చూసుకుని, ప్రైమరీని పూర్తిగా తెరిచి పట్టుకుని, సెకండరీ లివర్‌ను వేలితో కదిపి చూడండి. తేలిగ్గా జరిగి, వదలగానే స్ప్రింగుతో వెనక్కి రావాలి.

నిక్కీలో నాకు బాగా నచ్చేది ఫ్లోట్ బౌల్‌కు ఉన్న చిన్న గాజు కిటికీ. ఐడిల్‌లో పెట్రోలు మట్టం అద్దం మధ్యలో ఉండాలి. ఎవరినైనా లోపల కూర్చోబెట్టి 4000 దగ్గర పట్టించి మీరు అద్దం చూడండి. మట్టం కిందికి జారిపోతుంటే పంపో, ఫిల్టరో పెట్రోలు అందించలేకపోతున్నట్టు. కాకపోతే లోడ్ లేకుండా అన్నీ బయటపడవు, అది గుర్తుంచుకోండి.

పాతఆర్‌ఎక్స్

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ థ్యాంక్స్. చూసినవి ఇవి:

రెండు రోటర్లకూ ఫట్ ఫట్ ఫట్ సమానంగానే వస్తోంది. వాల్వ్ తీసిన టెస్టర్‌తోనూ చూశాను, ముల్లు మూడుసార్లూ ఒకే ఎత్తుకు ఎగురుతోంది. సెకండరీ లివర్ వేలికి తేలిగ్గా జరుగుతోంది, గొట్టం కొత్తదే. గాజు కిటికీలో పెట్రోలు 4000 దగ్గర కూడా మధ్యలోనే ఉంది. ఫ్యూయల్ ఫిల్టర్ ట్యూనప్‌లోనే మార్చారు.

ఒక్క సంగతి విచిత్రంగా అనిపించింది. థ్రాటిల్ దగ్గర ఐడిల్ స్క్రూ చాలా లోపలికి బిగించి ఉంది. మరలు దాదాపు కనిపించడం లేదు.

త్రికోణం

ఆ స్క్రూ సంగతి చెప్పి మంచి పని చేశారు. థ్రాటిల్ అంతగా తెరిచిపెడితేగానీ 800 రావడం లేదంటే టైమింగ్ రిటార్డ్ అయి ఉండొచ్చు. వెనకబడ్డ టైమింగ్‌లో ఐడిల్ పడిపోతుంది, దాన్ని కప్పిపుచ్చడానికి స్క్రూ బిగిస్తారు.

ముందు చిన్న పరీక్ష. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ట్రెయిలింగ్ కాయిల్‌కు వెళ్లే సన్న వైర్ కనెక్టర్ పీకండి. ప్లగ్గు వైర్లు మాత్రం పీకొద్దు, షాక్ గట్టిగా కొడుతుంది. పెద్ద తేడా రాకూడదు. దాన్ని పెట్టేసి లీడింగ్ కాయిల్‌ది తీయండి. ఇంజిన్ కుంటాలి, ఆగిపోయినా ఆశ్చర్యం లేదు. లీడింగ్‌ది తీసినా తేడా లేదంటే అది ముందే చచ్చిపోయి, బండి ట్రెయిలింగ్ మీదే నడుస్తోందన్నమాట. మీ బండికి డిస్ట్రిబ్యూటర్ పక్కనే రెండు ఇగ్నైటర్లు (కాయిల్‌తో స్పార్క్ కొట్టించే చిన్న పెట్టెలు) ఉంటాయి, రెండూ ఒకటే రకం. ఒకదాని చోట ఇంకోటి పెట్టి చూస్తే దొంగ దొరికిపోతుంది.

అలాగే వైర్లు క్యాప్ నుంచి ప్లగ్గు దాకా చేత్తో పట్టుకుని వెంబడించండి. క్యాప్ మీద ఎల్1, ఎల్2, టీ1, టీ2 అని రాసి ఉంటుంది. 1 ముందు రోటర్, 2 వెనకది.

అన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు లైట్. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాలి, ఐడిల్ 750 దగ్గర ఉండాలి. వ్యాక్యూమ్ అడ్వాన్స్ గొట్టాలు తీసి మూతలు పెట్టండి. లైట్ క్లిప్ ఎల్1 వైర్‌కు తగిలించి పుల్లీ మీద కొట్టండి, పక్కన కదలకుండా ఉండే పిన్ దగ్గర ఏ గీత నిలబడుతుందో చూడండి. తర్వాత క్లిప్ టీ1కి మార్చండి. మీ లైట్‌కు వెనక డయల్ ఉంటే అది సున్నా మీదే ఉండాలి. ఎవరో 20 దగ్గర వదిలేసిన డయల్‌తో సెట్ చేసిన బండ్లు కూడా చూశాను.

ఇప్పుడే ఏదీ తిప్పకండి. చూసి ఇక్కడ చెప్పండి.

పాతఆర్‌ఎక్స్

వైర్లు సరిగ్గానే ఉన్నాయి. ట్రెయిలింగ్ కనెక్టర్ తీస్తే తేడా తెలియలేదు, లీడింగ్ తీస్తే ఇంజిన్ ఊగిపోయి ఆగింది.

లైట్ డయల్ సున్నా. ఎల్1కి క్లిప్ పెట్టి కొడితే పిన్ దగ్గర నిలబడింది ఎరుపు గీత! పసుపు గీత అప్పటికే పిన్ దాటిపోయి ఉంది. టీ1కి మారిస్తే పిన్ దగ్గర ఏ గీతా లేదు, ఎరుపు కూడా ఆ వైపుకే జరిగిపోయి ఉంది.

త్రికోణం

దొరికింది. ట్రెయిలింగ్ గీత దగ్గర లీడింగ్‌ను సెట్ చేశారు. రెండు గీతలు చూసి, కొట్టొచ్చినట్టు కనిపించేది ఎరుపే కదా అని దానికి కలిపేసి ఉంటారు. అంటే మీ లీడింగ్ టీడీసీ దాటాక 20 డిగ్రీలకు మండుతోంది, ట్రెయిలింగ్ సుమారు 40కి. స్ప్లిట్ మాత్రం అలాగే ఉంది కాబట్టి ఇంజిన్‌కు ప్రమాదం తప్పింది. అటు కాకుండా లైట్ టీ1కి పెట్టి పసుపు గీతకు కలిపి ఉంటే లీడింగ్ 20 డిగ్రీలు ముందుకు పోయి ఉండేది. అప్పుడు మనం ఇంకో రకం థ్రెడ్ రాసుకోవాల్సి వచ్చేది.

హైరెవ్

చూశారా, అడ్వాన్స్ చెయ్యమని నేను ముందే చెప్పాను 😄

త్రికోణం

దిక్కు కరెక్టే బ్రో, ఎక్కడ ఆగాలో చెప్పేది మాత్రం పసుపు గీతే.

@పాతఆర్‌ఎక్స్ గారూ, వరస ఇది. ముందు లీడింగ్, తర్వాతే ట్రెయిలింగ్. క్లిప్ ఎల్1కి పెట్టి, డిస్ట్రిబ్యూటర్ కింద నట్ కొంచెమే వదులు చేసి, బాడీని చాలా నెమ్మదిగా తిప్పండి. పసుపు గీత పిన్ దగ్గరికి వస్తున్నకొద్దీ ఐడిల్ పెరిగిపోతుంది. అక్కడే ఒక కిటుకు ఉంది. ఆర్‌పీఎం పెరిగితే డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులు విచ్చుకుని తమ అడ్వాన్స్ కలిపేస్తాయి, మీకు కనిపించే గీత అబద్ధం చెబుతుంది. కాబట్టి కొంచెం తిప్పడం, ఐడిల్ స్క్రూ వదులు చేసి 750కి దించడం, మళ్లీ లైట్ కొట్టడం, ఇలా చేసుకుంటూ పోవాలి.

పసుపు కలిశాక నట్ బిగించి ఇంకోసారి చూడండి. బిగించేటప్పుడు బాడీ కాస్త జరుగుతుంది. తర్వాత క్లిప్ టీ1కి. ఎరుపు గీత పిన్ దగ్గర లేకపోతే బాడీ ముట్టుకోవద్దు. ట్రెయిలింగ్ వ్యాక్యూమ్ యూనిట్‌ను పట్టుకున్న రెండు స్క్రూలు వదులు చేసి యూనిట్‌ను లోపలికో బయటికో జరిపితే ట్రెయిలింగ్ ఒక్కటే మారుతుంది.

చివరగా ఎల్1 లైట్‌లో యాక్సిలరేటర్ మెల్లగా పెంచండి. గీత ఎగరకుండా జారుతూ ముందుకు పోవాలి, వదిలితే మళ్లీ పసుపు దగ్గరికే రావాలి. రాకపోతే లోపలి బరువులు జామ్ అయినట్టు.

ఇంకో మాట. ఇన్నాళ్లూ ఆలస్యంగా మండిన మిశ్రమం ఎగ్జాస్ట్‌లో కూడా మండుతూనే ఉండి ఉంటుంది. మీ ఫ్లోర్ కాలింది అందుకే. క్యాట్‌ల పరిస్థితి చూసుకోండి.

పాతఆర్‌ఎక్స్

చేశాను. నట్ వదులు చేసి వేలెడు తిప్పానో లేదో ఐడిల్ 1600కి ఎగిరింది, గుండె ఆగినంత పనైంది. స్క్రూ దించుతూ, లైట్ కొడుతూ, మొత్తానికి పసుపు గీత పిన్ దగ్గర కూర్చుంది. ఐడిల్ 750. స్క్రూ మరలు ఇప్పుడు బాగా బయటికి కనిపిస్తున్నాయి. ట్రెయిలింగ్ కొద్దిగా పక్కకు ఉంటే వ్యాక్యూమ్ యూనిట్ జరిపి ఎరుపుకు కలిపాను. ఆర్‌పీఎం పెంచితే గీత సాఫీగా జారుతోంది, తిరిగి వస్తోంది.

నడిపి చూశాను. కింద నుంచి 4000 దాకా అసలు ఇది నా బండేనా అనిపించింది. కానీ 5000 దాటాక అదే కథ, గొంతు పట్టుకున్నట్టు. ఎంత వేడెక్కితే అంత ఎక్కువ. చల్లగా ఉన్నప్పుడు కాస్త నయం.

కొత్తచక్రం

మధ్యలో వస్తున్నందుకు సారీ. నాది రెండో తరం ఆర్‌ఎక్స్-7, 13బీ, టర్బో లేదు. నాకూ 0, 20 గీతలేనా?

గ్రీజుచేతులు

కాదు. మీ పుల్లీ మీద పసుపు గీత టీడీసీ తర్వాత 5 డిగ్రీలు, ఎరుపు 20. మీకు డిస్ట్రిబ్యూటర్ కూడా ఉండదు, క్రాంక్ యాంగిల్ సెన్సర్ తిప్పాలి. ప్లగ్గుల్లో కూడా లీడింగ్, ట్రెయిలింగ్ వేరు వేరు హీట్ రేంజివి, ఒకదాని చోట ఒకటి పెట్టకండి. ముఖ్యంగా పాత 12ఏకి ఎవరైనా మీ తరం పుల్లీ వేసి ఉంటే గీతలు నమ్మి మోసపోతారు. సెకండ్‌హ్యాండ్ బండి కొన్నవాళ్లు ఇది ఒకసారి చూసుకోవాలి.

నిక్కీపిచ్చి

@పాతఆర్‌ఎక్స్ గారూ, ఇది నా కార్బురేటర్ ఖాతాలోది కాదు. సెకండరీలు తెరుచుకోకపోతే చల్లగా ఉన్నప్పుడు నయంగా ఉండదు. వేడెక్కేకొద్దీ గొంతు మూసుకుపోతోందంటే ఎగ్జాస్టే. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు వ్యాక్యూమ్ గేజ్ పెట్టి 3000 దగ్గర కదలకుండా పట్టి ఉంచండి. ముల్లు ఒకచోట నిలబడితే పర్వాలేదు. అదే నిమిషం నిమిషానికీ మెల్లగా కిందికి దిగుతుంటే పొగ బయటికి పోలేక వెనక పేరుకుపోతోంది.

త్రికోణం

అవును. మీ ఏడాది బండికి మెయిన్ క్యాట్ ముందు రెండు ప్రీ-క్యాట్‌లు ఉంటాయి. ఇంజిన్‌కు దగ్గర కాబట్టి ముందు దెబ్బతినేవి అవే. రోటరీ ఎగ్జాస్ట్ మామూలుగానే చాలా వేడి, మండని పెట్రోలు కూడా దాంట్లో ఎక్కువ. దానికి తోడు ఎయిర్ పంప్ గాలి అందిస్తుంది. టైమింగ్ 20 డిగ్రీలు వెనక్కి పెట్టి నడిపితే క్యాట్‌ను కొలిమిలో పెట్టినట్టే. గ్యారేజీ పెట్టిన టైమింగ్ వల్ల పవర్ పోయింది, అదే టైమింగ్ వల్ల క్యాట్ కూడా పోయి ఉంటుందని నా అనుమానం.

హైరెవ్

అయితే క్యాట్‌లన్నీ పీకేసి ఖాళీ పైపు వేసేస్తే సరి. పవర్‌కు పవర్, శబ్దానికి శబ్దం.

గ్రీజుచేతులు

@హైరెవ్ శబ్దం ఊరంతా వింటుంది తమ్ముడూ. రోడ్డు మీద తిరిగే బండికి క్యాట్ తీయడం చాలా చోట్ల చట్టం ఒప్పుకోదు. రేసు ట్రాక్ బండి అయితే నీ ఇష్టం.

పాతఆర్‌ఎక్స్

గేజ్ పెట్టాను. 3000 పట్టి ఉంచితే ముల్లు మొదట బాగానే ఉండి, తర్వాత కళ్లముందే దిగజారింది. వదిలి కాసేపు ఆగి మళ్లీ పడితే మళ్లీ అదే.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఫ్లాంజ్ బోల్టులకు రస్ట్ స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేసి విప్పాను. అయినా ఒక స్టడ్ విరిగింది. మొదటి ప్రీ-క్యాట్‌లోకి టార్చ్ వేసి చూస్తే లోపలి జాలీ సగం మేర కరిగి గడ్డకట్టి గాజులా మెరుస్తోంది. మిగతా సగంలో రంధ్రాలు ఉన్నాయి కానీ విరిగిన ముక్కలు వాటిలో ఇరుక్కున్నాయి. కాస్త ఊపితే లోపల గలగలమంది. రెండోదాంట్లో కరగలేదు కానీ మొదటిదాని ముక్కలు దాని ముఖం మీద పేరుకున్నాయి. మెయిన్ క్యాట్ టార్చ్‌కు శుభ్రంగానే కనిపించింది.

త్రికోణం

ప్రీ-క్యాట్‌లు రెండూ మార్చాల్సిందే. ముక్కలు దులిపి రెండోదాన్ని వాడుకుందామనుకోవద్దు, లోపల ఎన్ని ఉన్నాయో తెలియదు. కొత్తవి వేసేముందు మెయిన్ క్యాట్‌ను కూడా విప్పి ముందు ముఖం చూడండి. ఎయిర్ పంప్ గొట్టాలు, చెక్ వాల్వ్ కూడా. వేడి పొగ వెనక్కి వచ్చి ఉంటే ఆ వాల్వ్ కాలిపోయి ఉంటుంది.

పాతఆర్‌ఎక్స్

అప్‌డేట్. ప్రీ-క్యాట్‌లు, గాస్కెట్లు, స్టడ్లు కొత్తవి వేశాను. చెక్ వాల్వ్ నిజంగానే కాలిపోయింది, ఊదితే గాలి రెండు వైపులా పోతోంది, అదీ మార్చాను. టైమింగ్ మళ్లీ కొట్టి చూశాను, పసుపు, ఎరుపు వాటి వాటి చోట ఉన్నాయి. వ్యాక్యూమ్ ముల్లు 3000 దగ్గర కదలడం లేదు.

రెండో గేర్‌లో 7000 బజర్ మోగింది! పక్కన కూర్చున్న మా తమ్ముడు ఏదో పాడైందని కంగారుపడ్డాడు. ఫ్లోర్ వేడి మామూలుకి వచ్చింది.

మిగిలింది ఒక్కటే. మెల్లగా పోతూ ఒక్కసారిగా తొక్కితే అర సెకను తడబడి తర్వాత అందుకుంటోంది. ఇదీ టైమింగేనా?

నిక్కీపిచ్చి

టైమింగ్‌ను ఇక వదిలేయండి 🙏 ఇది నా ఖాతాలోది. ఇంజిన్ ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, కార్బురేటర్ గొంతులోకి చూస్తూ థ్రాటిల్ చేత్తో లాగండి. లాగిన క్షణమే పెట్రోలు సన్నని ధారగా చిమ్మాలి. ఆలస్యంగా వచ్చినా, చుక్కలుగా కారినా యాక్సిలరేటర్ పంప్ డయాఫ్రమ్ ఎండిపోయినట్టు. ధార బాగుంటే, ఐడిల్ స్క్రూ అంతలా మార్చారు కాబట్టి మిక్చర్ స్క్రూ కూడా మళ్లీ సెట్ చేసుకోవాలి. ధార ఎలా వస్తోందో చూసి చెప్పండి, వీలైతే వీడియో పెట్టండి.

పాతఆర్‌ఎక్స్

చుక్కలే. డయాఫ్రమ్ కిట్ ఆర్డర్ పెట్టేశాను.